శల్యసారథ్యము

కర్ణుని రథమునకు సారథియైన శల్యునికి రథము తోలుట తెలియదని యెవ్వరును అనజాలరు. ఆ విద్యలో నతడు శ్రీకృష్ణునికి దీటైనవాడని యెంచియే దుర్యోధనుడు అతనిని వేడి తెచ్చుకొనెను. కొఱత విద్యలో లేదు. అతని మాట ఎవరికి ఈయబడియున్నదో అందున్నది. "శల్యసారథ్యము" అను పలుకుబడి మన యిండ్లలో నేటికిని నిలిచియుండుటకు కారణమిదియే. నిపుణుని సలహా గోరువాడు "ఇతనికెంత తెలియును?" అని యడిగిన చాలదు, "ఇతడెవరి యుప్పు తినుచున్నాడు?" అనియు నడుగవలెను. విమాననిర్మాణమునకు సంబంధించిన నిబంధనల విషయమున ఈ రెండవ ప్రశ్నను మనవారు అడుగవలసిన కాలము వచ్చినదని మేము తలంచుచున్నాము.

మంచిర్యాలవారికి విమానముల గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. గోదావరికి ఆవలి దరిని బసంతనగరములోని పాత విమానక్షేత్రము ఎన్నో యేండ్లుగా పాడువడియున్నమాట నిజమే. ఐనను మా పల్లెలనుండియు, కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు సీమలనుండియు పొట్టకూటికై దుబాయికిని, మస్కటునకును, కువైటునకును పోవు కూలిజనము వేనవేలు. ఎఱ్ఱబస్సు దిగి విమానమెక్కు ఆ మనుష్యుడు రెక్క నెట్లు అమర్చిరో, ఇంధనపు తొట్టి నెట్లు కట్టిరో అడుగడు. అడిగినను చెప్పువారు లేరు. అతడు అప్పుచేసి టిక్కెట్టు కొన్నది ఒక నమ్మకముమీదనే. ఆ నమ్మకమునకు జామీను ఎవరు?

జామీను ప్రభుత్వమే. 1934 నాటి విమానశాసనమునకు బదులుగా 2024లో మన పార్లమెంటు భారతీయ వాయుయాన్ అధినియమమును చేసినది. అది 2025 జనవరి 1 నుండి అమలులో నున్నది. విమానముల రూపకల్పనకును, తయారీకిని నిబంధనలు విధించు అధికారము దానివలన కేంద్రప్రభుత్వమునకు గలదు. మనము ఇపుడు కొనువారము మాత్రమే కాము, చేయువారము కూడను. హైదరాబాదు సమీపమున ఆదిభట్లలో 2018లో టాటా, బోయింగు సంస్థలు కలిసి తెరచిన కర్మాగారమున అపాచి హెలికాప్టరుల దేహములు తయారగుచున్నవి; 737 విమానముల నిలువు తోకలను చేయు పనియు 2021లో దానికే నిర్ణయింపబడినది. మన తెలుగు పిల్లలకు అందు కొలువులు దొరకుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. అయితే చేయువాడు పెరిగినకొలది, నిబంధనలు వ్రాయుచోట వాని గొంతును పెరుగును. ఆ చోటున మఱి యెవరు కూర్చుండవలెనన్నదే మా ప్రశ్న.

నిపుణులను పిలువనే వలదని మేమనుట లేదు. లోహము ఎన్ని వేల పర్యాయములు వంగిన పిదప బీటవారునో కచ్చేరి గుమాస్తాకు తెలియదు. కర్మాగారములో తలనెరసిన యింజనీరుకు తెలియును. అతనిని విడిచి వ్రాసిన నిబంధన కాగితముమీద కఠినముగను, ఆకాశమున నిరుపయోగముగను ఉండును. ఈ సంగతి నెఱిగియే అమెరికావారి విమానశాఖ 1991లో ఒక సలహాసంఘము నేర్పఱచినది. విమానములు చేయువారు, నడుపు కంపెనీలు, చోదకుల సంఘములు, ప్రయాణికుల పక్షమువారు అందు కూడి నిబంధనలకు చిత్తులు సిద్ధపఱచి యిత్తురు. వారిది సలహా మాత్రమే, నిర్ణయము ప్రభుత్వశాఖది. వినుటకు ఇంతకంటె యుక్తమైన యేర్పాటు లేదు. నడచిన తీరు నిక చూడుడు.

1996 జూలై 17న న్యూయార్కు తీరమున ఒక 747 విమానము ఆకాశముననే బ్రద్దలై 230 మంది మడిసిరి. నడిమి ఇంధనపు తొట్టిలో చేరిన ఆవిరి అంటుకొనుటయే కారణమని విచారణలో తేలినది. తొట్టిలోని ఖాళీని నత్రజనితో నింపి ప్రాణవాయువును తగ్గించినచో నిప్పు పుట్టదు. సైనికవిమానములలో కొన్నింటికి ఆ ఉపాయము అంతకుముందే గలదు. దానిని ప్రయాణికుల విమానములలో పెట్టవచ్చునా యని ప్రభుత్వశాఖ ఆ సలహాసంఘము నడిగినది. 1998లో ఒకమాఱు, 2001లో మఱియొకమాఱు, దానివలని లాభముకంటె వ్యయమే మిక్కుటమని బదులు వచ్చినది. ఆ 2001 మార్చిలోనే బాంకాకులో నేలమీద నిలిచియున్న మఱియొక విమానము ఇంధనపు తొట్టి పేలి కాలిపోయినది. ఒక ఉద్యోగి మరణించెను. పిమ్మట ప్రభుత్వశాఖవారి స్వంత ప్రయోగశాలలోని యింజనీర్లు సులువైన, తేలికైన పద్ధతిని కట్టి చూపిరి. తుదకు 2008లో నిబంధన వెలువడినది. ప్రమాదమునకును నిబంధనకును నడుమ పండ్రెండేండ్లు!

సంఘములోనివారు దుర్మార్గులని మేమనము. వారు వేసిన లెక్కలో తప్పులేకపోవచ్చును. కాని ఏ పద్ధతిని లెక్కకు తీసికొనవలెను, దాని వెల యెంతని కట్టవలెను, ఒక ప్రాణమునకు ఎంత విలువ వేయవలెను అను వానిని నిర్ణయించినవారిలో ఆ వ్యయమును భరింపవలసినవారే బలవంతులు. అట్టిచోట "గిట్టదు" అను జవాబు రాకున్నచో ఆశ్చర్యపడవలెను. ప్రభుత్వమునకు తన స్వంత ప్రయోగశాలయు, స్వంత యింజనీర్లును లేకపోయినచో ఆ జవాబే కడపటి మాట యయ్యెడిది.

సలహా చెప్పుటనుండి తీర్పు చెప్పుటకు దూరము మిక్కిలి తక్కువ. తమ విమానములను తామే పరీక్షించుకొని ప్రభుత్వపక్షమున యోగ్యతను నిర్ధారించు అధికారమును ఆ దేశమున కంపెనీ ఉద్యోగులకే చాలవఱకు ఒప్పగించిరి. విద్యార్థి పత్రమును విద్యార్థియే దిద్దుకొన్నచో పాఠశాలలో ఎల్లరును మొదటి తరగతిలోనే ఉత్తీర్ణులగుదురు! 737 మాక్సు విమానము ముక్కును తనంతట క్రిందికి వంచు ఒక యేర్పాటు ఒకే కొలతసాధనముపై ఆధారపడియున్నదని చోదకులకు తెలియనేలేదు. దాని వివరణ వారి పుస్తకములో లేదు. 2018 అక్టోబరులో ఇండొనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది ప్రాణములు గోల్పోయిరి. రెండవ విమానములో భారతీయులును ఉండిరి. పిదప అమెరికా ప్రతినిధిసభ సంఘమువారు 2020లో తమ నివేదికయందు కంపెనీని, ప్రభుత్వశాఖను కూడ తప్పుపట్టిరి. కంచెయే చేను మేసినదని ఒప్పుకొనుటకు 346 ప్రాణములు కావలసివచ్చినవి.

"విమానము కూలినచో చేసినవానికే నష్టము గదా, వాడే జాగ్రత్తపడును" అని కొందఱి వాదము. వినుటకు బాగున్నది. కాని అమ్మకము నేడు, ప్రమాదము ఎన్నడో. పోటీకంపెనీ క్రొత్త విమానము తెచ్చినదను తొందర నేడు. నిందపడుట మఱియొకరి కాలములో. "నిబంధనలు బిగించినచో టిక్కెట్టు వెల పెరుగును, బీదవాడే నష్టపడును" అని వేఱొక వాదము. బీదవానిపై అంత దయ గలవారు వానినే పిలిచి యడుగరాదా? వాని పేరు చెప్పువారు పలువురుగాని, వానికి పీట వేసినవారిని మేమెఱుగము.

పీట వేయుట అసాధ్యము కాదు. మా సీమలో భూగర్భమున బొగ్గు త్రవ్వువారికి అది తెలిసిన సంగతియే. 1952 నాటి గనుల శాసనము పండ్రెండవ సెక్షను ప్రకారము ఏర్పడు సంఘమున యజమానుల పక్షమున ఇద్దఱు, కార్మికుల పక్షమున ఇద్దఱు, గనుల పరిశ్రమలో నేరుగా కొలువుచేయని యింజనీర్లు ఇద్దఱు ఉండవలెనని వ్రాసిరి. ఆ శాసనము స్థానమున వేఱొక సంహిత 2025 నవంబరులో అమలునకు వచ్చినది; ఐనను ఆ నియమములోని వివేకము చెడలేదు. దానివలన ప్రమాదములు పోయినవా? పోలేదు. 2003 జూన్‌లో గోదావరిఖని గనిలో నీరు చొచ్చి పదునేడుగురు కార్మికులు మరణించిరి. మంచి సంఘముండిన చాలదు, దాని మాట నడువవలెను. కాని గనిలోనికి దిగువాడు లేకుండ గని నిబంధన వ్రాయుట తగదని డెబ్బదియేండ్ల క్రిందటనే ఈ దేశము ఒప్పుకొన్నది. ఎగురువాడు లేకుండ విమాన నిబంధన వ్రాయుట ఎట్లు తగును?

మన దేశమున చిక్కు మఱియొకటి గలదు. నిబంధనలు నడుపు డైరెక్టరేటును, ప్రమాదములు విచారించు బ్యూరోయు ఒకే మంత్రిత్వశాఖ క్రిందివే. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో విమానము కూలి, అందున్న 242 మందిలో ఒక్కడు దక్క అందఱును, నేలమీద పందొమ్మండ్రును మరణించిరి. దాని కారణమును గూర్చి మేమిచ్చట తీర్పు చెప్పము. కాని నిబంధనలో లోపమున్నదని తేలినచో, ఆ మాటను నిబంధన చేసిన యింటివారే చెప్పవలసివచ్చును. విచారించువాడు వేఱింటివాడు కావలదా?

కావున మేము కోరునవి నాలుగు. నిబంధనలపై సలహా చెప్పు ప్రతి నిపుణుడును ఎవరివద్ద జీతము గొనుచున్నాడో, ఎవరి వాటాలు కలిగియున్నాడో బహిరంగముగ తెలుపవలెను. చోదకులకును, మరమ్మతు పనివారికిని, ప్రయాణికులకును, పరిశ్రమలో కొలువులేని విద్వాంసులకును ఆ సంఘములలో స్థానముండవలెను. సంఘము చెప్పిన సలహాతోపాటు భిన్నాభిప్రాయమును, వ్యయపు లెక్కలును తెలుగు మొదలైన దేశభాషలలో అచ్చువేయవలెను. ప్రభుత్వము తన స్వంత యింజనీర్లకు కంపెనీలతో తులతూగు జీతములిచ్చి నిలుపుకొనవలెను. లేనిచో సలహా నడుగువానికి, వచ్చిన సలహా మంచిదో చెడ్డదో తెలియదు.

చదువరులలో ఇంజనీరింగు చదువు పిల్లలున్న తల్లిదండ్రులు పెక్కుమంది యుందురు. మీ పిల్లలు రేపు ఆదిభట్లలోనో, బెంగుళూరులోనో, సియాటిలులోనో విమానములు చేయుదురు. కొందఱు అట్టి సంఘములలోనే కూర్చుందురు. జీతమిచ్చువానికి ఇష్టములేని నిజమును సభలో చెప్పగల ధైర్యమును వారికి ఇంటనే నేర్పుడు. ధృతరాష్ట్రుని కొలువులో నుండియే విదురుడు ధృతరాష్ట్రునికి ఎదురుచెప్పెను గదా. ఐతే ప్రతి కొలువునను విదురుడు దొరకునని నమ్మి శాసనము చేయరాదు. విదురుడు లేని నాడును కూలివాని ప్రాణము నిలుచునట్లు శాసనము చేయవలెను.