కిండర్‌గార్టెన్: ఒక సమాస విచారము

మనము నివసించు పట్టణములలో ఏ వీథి చూచినను "కిండర్‌గార్టెన్" అను పలక కనబడును. ఆ మాట ఆంగ్లమనియే మనవారిలో పెక్కుర నమ్మకము. ఒక సభలో ఒక విద్యాధికుడు, "కైండ్ అనగా దయ, కావున ఇది దయగల తోట" అని వ్యుత్పత్తి చెప్పగా వింటిని. ఎవరును కాదనలేదు. ఇది వట్టి పొరపాటైనచో ఊరకుందును. కాని దీని వెనుకనున్న ఆంగ్లభ్రమ మన పిల్లలకు చేటు చేయుచున్నది.

అది జర్మను సమాసము. "కిండ్" అనగా బిడ్డ. "కిండర్" దాని బహువచనము. "గార్టెన్" అనగా తోట. మన వ్యాకరణరీత్యా షష్ఠీతత్పురుషము: పిల్లల యొక్క తోట. "కిండ్" శబ్దము సంస్కృతమునందలి "జన్" ధాతువునకు జ్ఞాతి. "గార్టెన్" శబ్దమునకు మూలార్థము కంచె వేసిన చోటు. మన "గృహ" శబ్దమును ఆ వంశములోనిదే యని భాషావేత్తలు పలువురు చెప్పుదురు.

తురింగియా సీమలోని బ్లాంకెన్‌బర్గున ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ తన శిశుశాలకు మొదట పెట్టుకొన్న బరువైన పేర్లను విడిచి, 1840లో ఈ పేరు పెట్టెను. లాటినును ఆశ్రయింపలేదు, తనవారి యింట నిత్యము వినబడు రెండు మాటలను జోడించెను. తల్లులు బిడ్డల నాడించు పాటలను 1844లో గ్రంథముగా వెలువరించెను. తల్లిమాటయే ఆ తోటకు నీరు.

మనవంటి వారికి ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. అమెరికాలో మొదటిదని చెప్పబడు కిండర్‌గార్టెన్‌ను 1856లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వాటర్‌టౌనున మార్గరెతె షుర్జ్ అను స్త్రీ నెలకొల్పెను. ఆమెయు మనవలెనే పరప్రాంతమున స్థిరపడిన కుటుంబమునకు చెందినది. ఆ బడి నడచినది జర్మనులో! ఆంగ్లమున బోధించు కిండర్‌గార్టెన్ బోస్టనులో 1860లో గాని రాలేదు.

మరి నేడో? అదే పేరుగల బడిలో మా మనుమరాలు "నీళ్లు" అని తెలుగున అడిగినందుకు మందలింపు పొందినది. తల్లిమాటకై పుట్టిన పేరును తగిలించి తల్లిమాటనే వెలివేయుట ఏమి న్యాయము?

స్థానికభాష వలదా యని కొందఱు అడుగుదురు. తప్పక నేర్వవలయును; కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, మనకు అన్నము పెట్టిన నేల భాష అది. ఆంగ్లమును నేర్వవచ్చును. కాని అల్పసంఖ్యాకభాషల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నందించుటకు తగిన వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. మనము అడుగనిదే ఎవరిత్తురు?

బడుల పేరు మార్చుమని నేను కోరను. ఆ పేరునకు తగినట్లు నడువుమని కోరుదును. అంతవఱకు మన సంఘభవనమున వారమునకు రెండు సాయంకాలములు పిల్లలకు తెలుగు పాటలు, కథలు నేర్పుదము. నేర్పుటకు అమ్మమ్మలు, తాతలు చాలుదురు.