రెండో విడత చర్చలకు తేదీ ప్రకటించండి: నల్లమల అంచు గ్రామాల వినతిపత్రం

2004 డిసెంబరు చివరి వారం

ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారికి, హోంమంత్రి కె. జానారెడ్డి గారికి; భారత కమ్యూనిస్టు పార్టీ (మావోయిస్టు), జనశక్తి ప్రతినిధులకు; ఎస్.ఆర్. శంకరన్ గారికి, తక్కిన మధ్యవర్తులకు

అయ్యలారా,

అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్ మంజీరా అతిథిగృహంలో మీరు చర్చలకు ఎదురెదురుగా కూర్చున్న నాలుగు రోజులూ మా ఊళ్లలో టీవీ ఉన్న ప్రతి ఇల్లూ కిక్కిరిసింది. కొడుకు మావోయిస్టు దళంలో ఉన్న తల్లీ, కొడుకు హోంగార్డుగా ఉన్న తల్లీ ఒకే చాప మీద కూర్చుని వార్తలు చూశారు. జూన్ నుంచి ఇటు కాల్పులు తగ్గాయి. పొద్దుగూకాక కూడా చేనికి నీళ్లు కట్టడానికి పోగలుగుతున్నాం. ఇంతకంటే పెద్ద మేలు ఈమధ్య కాలంలో మాకెవరూ చేయలేదు. అందుకు మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాం.

కానీ మొదటి విడత చర్చలు ముగిసి రెండు నెలలు దాటింది. రెండో విడత ఎప్పుడో చెప్పేవారు లేరు. కాల్పుల విరమణ ఒప్పందం మీరింది మీరంటే మీరని రోజూ ప్రకటనలు వస్తున్నాయి. ప్రకటన వచ్చిన మర్నాడు మా ఊరికి వచ్చేది దాన్ని రాసినవారు కారు. కూంబింగుకు పోయే పోలీసులో, అర్ధరాత్రి తలుపు తట్టే దళమో వస్తుంది. కాబట్టి మా మొదటి కోరిక ఇదే: జనవరిలోనే రెండో విడత మొదలుపెట్టండి, తేదీ ఇప్పుడే ప్రకటించండి.

మొదటి విడతలో ఆయుధాల దగ్గర మాట ఆగిపోయిందని మాకు తెలుసు. ఆయుధాలతో ఊళ్లలో తిరగొద్దని ప్రభుత్వం అంటోంది, ఆయుధాలు వదలడం చర్చించే విషయమే కాదని పార్టీలు అంటున్నాయి. ఆ పెద్ద తగాదా తేలేదాకా చిన్నవి ఆగనక్కర్లేదు. బడి, సంత, జాతర, రేషన్ షాపు, ఆసుపత్రి, బస్సు, ఈ చోట్లకు తుపాకీతో ఎవరూ రాకూడదని ఇద్దరూ రాసి ఇవ్వండి. బడిలో పోలీసు క్యాంపు వద్దు, బడి గోడ దగ్గర దళం మీటింగూ వద్దు. చీకటి పడ్డాక ఎవరి ఇంట్లోకీ ఏ తుపాకీ రావద్దు. అన్నం పెట్టమని దళం అడుగుతుంది, పెట్టామని పోలీసులు కొడతారు. ఈ పని మాతో ఇక చేయించకండి.

కాల్పుల విరమణ నియమాలు తెలుగులో, పేరాల వారీగా, సంతకాలతో ఉండాలి. ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకూ అతికించాలి. ఏది మీరడమో, ఏది కాదో మా పిల్లలు చదివి చెప్పగలగాలి. పాటింపు చూడడానికి మధ్యవర్తులు, రిటైరైన జడ్జీలు, మహిళలు ఉన్న కమిటీ వేయండి. ఎక్కడ సంఘటన జరిగినా ఒక్క రోజులో అక్కడికి పోయే హక్కు దానికి ఉండాలి. అది నివేదిక ఇచ్చేదాకా ఎవరూ ఎదురుదెబ్బ కొట్టకూడదు.

మమ్మల్ని అన్నిటికన్నా భయపెడుతున్న మాట ఇప్పుడు చెబుతాం. ఈ ఆరు నెలల్లో మా ఊళ్ల కుర్రాళ్లు సభలకు పోయారు, పాటలు పాడారు, దళంలోని అన్నలతో పక్కపక్కన నిలబడి ఫొటోలు దిగారు. ప్రభుత్వమే పిలిచిన చర్చలు కదా, తప్పేముందని పోయారు. రేపు చర్చలు తెగితే ఆ ఫొటోలే కేసులవుతాయని, బైండోవర్లవుతాయని, అంతకంటే ఘోరం కూడా జరుగుతుందని తల్లులకు నిద్ర పట్టడం లేదు. అటు ఎస్సైతో మాట్లాడినవాడికి, పంచాయతీ పని మీద ఠాణాకు పోయినవాడికి ఇన్ఫార్మర్ ముద్ర పడుతుంది. 2002లో దూతల స్థాయిలో నడిచిన మాటలు జూలైకి తెగిపోయాయి. తెగిన సంగతి మాకు పేపర్ కంటే ముందు తుపాకీ మోత చెప్పింది. ఈసారి అలా కాకూడదు. ఏ పక్షమైనా విరమించుకోదలిస్తే ముప్పై రోజుల ముందు బహిరంగంగా నోటీసు ఇవ్వాలి. చర్చల కాలంలో బయటికొచ్చిన ఏ మనిషి మీదా, సభకు పోయాడని కానీ ఠాణాకు పోయాడని కానీ, తర్వాత ఎవరూ చెయ్యి చేసుకోబోమని ప్రభుత్వం, రెండు పార్టీలు విడివిడిగా మాట ఇవ్వాలి.

ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిచోటా కేసు పెట్టి, వేరే సంస్థతో దర్యాప్తు చేయించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలోనే ముఖ్యమంత్రులందరికీ రాసింది. ఆ లేఖకు మూలం మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఫిర్యాదులే. దాన్ని ఇక్కడే అమలు చేయకపోతే ఇంకెక్కడ చేస్తారు? పార్టీల వారూ వినండి. ప్రజాకోర్టు పేరుతో ప్రాణం తీసే శిక్ష ఆపండి. చచ్చినవాడికి అప్పీలు లేదు.

భూమి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 1973 సీలింగ్ చట్టం ఉంది, అసైన్డ్ భూములకు 9/77 చట్టం ఉంది, ఏజెన్సీ ప్రాంతాల భూములకు 1/70 ఉంది. కోనేరు రంగారావు గారి అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ కూడా వేసింది. ఆ కమిటీ మా మండలాలకు రావాలి. ఎమ్మార్వో ఆఫీసు రికార్డులో పేదల పేర్లున్న సర్వే నంబర్లను నేల మీద ఎవరు దున్నుతున్నారో మేమే నడిపించి చూపిస్తాం. చర్చలు ముందుకు పోయినా, ఆగినా ఈ పని ఆగకూడదు.

రెండో విడతలో ఒక పూట మాకు ఇవ్వండి. రెండు వైపులా కొడుకుల్ని, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు, దళం దారి చెప్పమంటే, పోలీసులూ దారి చెప్పమంటే నలిగిపోయిన అడవి పెంటల్లోని చెంచులు మీ ముందు కూర్చుని మాట్లాడతారు.

ప్రతులు కలెక్టర్ల ద్వారా ప్రభుత్వానికి, మధ్యవర్తుల ద్వారా పార్టీలకు పంపుతున్నాం. సంక్రాంతిలోగా జవాబు ఇప్పించగలరు.

ఇట్లు
మహబూబ్‌నగర్, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల నల్లమల అంచు గ్రామాల రైతులు, కూలీలు, చెంచులు, ఉపాధ్యాయులు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)