మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు?

హార్ట్ ఎటాక్ అనగానే మనకి ఎవరు గుర్తొస్తారు? ఏసీ క్యాబిన్, రెండు ఫోన్లు, కోట్ల టెన్షన్లు ఉన్న పెద్ద బాసే కదా! లండన్‌లో లెక్క తీస్తే సీన్ రివర్స్ అయింది.

1967లో అక్కడి ప్రభుత్వ ఆఫీసుల్లో దాదాపు 18 వేల మంది మగ ఉద్యోగులతో ‘వైట్‌హాల్ స్టడీ’ మొదలైంది. గుండెజబ్బు మరణాలు పై అధికారుల్లో కంటే అట్టడుగు గ్రేడ్ వాళ్లలో మూడు రెట్లకు పైగా కనిపించాయి. వీళ్లేమీ తిండికి లేనివాళ్లు కాదు. అందరికీ సర్కారీ ఉద్యోగం, ఉచిత వైద్యం ఉన్నాయి. ‘కిందివాళ్లు సిగరెట్లు ఎక్కువ తాగుతారులే’ అంటారా? నిజమే. కానీ సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కలిపినా ఆ తేడాలో మూడో వంతుకి మించి లెక్క తేలలేదు.

మరి మిగతాది? డాక్టర్ మైకేల్ మార్మాట్ బృందం 1985లో ఆడవాళ్లనీ కలుపుకుని 10,308 మందితో రెండో స్టడీ మొదలుపెట్టింది. పెద్ద క్లూ ఒకటి దొరికింది. అదే కంట్రోల్. తన పని ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో తన చేతిలో లేనివాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ.

ఇదే ఉద్యోగులకి పది మెట్ల నిచ్చెన బొమ్మ కూడా చూపించారు. డబ్బు, చదువు, ఉద్యోగం చూసుకుని సమాజంలో మీరు ఏ మెట్టు మీద ఉన్నారో గుర్తు పెట్టమన్నారు. తమని తాము కింద పెట్టుకున్నవాళ్లలో గుండెనొప్పి, షుగర్, డిప్రెషన్ ఎక్కువగా కనిపించాయి. జబ్బు వల్ల కూడా మనిషి తనని తక్కువ చేసుకోవచ్చు, అది వేరే సంగతి. అయితే ‘నేను తక్కువ’ అన్న ఫీలింగ్ రోజూ ఉంటే ఒత్తిడి హార్మోన్లూ రోజూ పనిచేస్తూనే ఉంటాయి. పులి కనిపించినప్పుడు కాసేపు పెరగాల్సిన బీపీ, ఇక దిగడం మర్చిపోతుంది.

మనకి ఆ నిచ్చెన ఫోన్‌లోనే ఉంది. ఒకడి ప్రమోషన్ పోస్టు, ఇంకొకడి కొత్త కారు, పెళ్లిలో ‘ప్యాకేజీ ఎంత బాబూ?’. స్క్రోల్ తగ్గించుకోవచ్చు, బీపీ చూపించుకోవచ్చు. కానీ అట్టడుగు మెట్టు మీదున్నవాడికి ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని చెప్తే సరిపోదు. కంట్రోల్ పైవాళ్ల చేతిలోనే ఉంటుంది మరి. మీ కింద ఇద్దరు పనిచేస్తున్నా చాలు, ‘రేపటికి కావాలి’ అనే ముందు ‘ఎప్పటికి అవుతుంది?’ అని అడగండి. ఖర్చు లేని మందు అది.