రేవు నగరం చుట్టూ చిన్న దీవులు: ఎంత భారం మోయగలవు?

అండమాన్ నికోబార్ దీవుల రాజధానికి ఎదురుగా, రేవు ముఖద్వారంలో ఉన్న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంలో జాతీయ స్మారకం నిర్మించాలన్నది కేంద్ర ప్రభుత్వ సంకల్పం. 2023 జనవరి 23న ప్రధానమంత్రి ఆ స్మారకం నమూనాను ఆవిష్కరించారు. పేరులేని 21 దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టినదీ ఆ రోజే. రాస్ ద్వీపం అన్న పాత పేరు 2018 డిసెంబరు 30న మారింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. పేర్ల మార్పుపై చర్చ జరిగినంతగా, ఈ చిన్న దీవులు ఎంతమందిని, ఎన్ని కట్టడాలను మోయగలవన్న విషయంపై చర్చ జరగలేదు. వైశాల్యం చూస్తే రాస్ ద్వీపం చదరపు కిలోమీటరులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. స్థానికుల నోట ఇంకా రాస్ అన్న మాటే వినిపిస్తుంది కనుక ఈ వ్యాసంలోనూ ఆ పేరే వాడటం సౌకర్యం. అయితే ఉత్తరాన దిగ్లిపూర్ దగ్గర స్మిత్ ద్వీపానికి జంటగా మరో రాస్ ద్వీపం ఉంది. ఆ రెండింటినీ కలగాపులగం చేసే ప్రయాణ ప్రకటనలు తక్కువేమీ కాదు.

నీరు రాసిన చరిత్ర

ఈ దీవుల వినియోగాన్ని మొదటి నుంచీ శాసించింది తాగునీరు. 1789లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి స్థావరం నెలకొల్పినది చాథం ద్వీపంలో. మూడేళ్లకు ఆ స్థావరాన్ని ఉత్తర అండమాన్‌కు తరలించారు. అక్కడ రోగాలు ప్రబలడంతో 1796లో పూర్తిగా ఎత్తివేశారు. 1857 తిరుగుబాటును అణచిన తరువాత ఖైదీలను దూరంగా ఉంచే చోటు అవసరమై బ్రిటిష్ పాలకులు మళ్లీ ఇటు చూశారు. 1858 మార్చిలో జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో వచ్చి చాథంలోనే దిగాడు. అక్కడ నీరు చాలదని తేలడంతో రాస్ ద్వీపానికి మారాడు. అడవి నరికినదీ, రాళ్లు మోసినదీ, భవనాలు కట్టినదీ ఖైదీలే. పారిపోయి పట్టుబడిన వారిలో 80 మందికి పైగా ఖైదీలను తొలి నెలల్లోనే వాకర్ ఉరి తీయించాడు.

ఈ చరిత్రలో తెలుగు నేలకూ పాలు ఉంది. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీపై జరిగిన దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌కు యావజ్జీవ శిక్ష పడింది. ఆయనను అండమాన్‌కు పంపగా, అక్కడే కన్నుమూశారు. ద్వీపాంతరవాసం అనగానే మనకు సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. కానీ ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. అంతకు ముందు దాదాపు నలభై ఏళ్ల శిక్షల చరిత్ర జరిగినది ఈ చిన్న దీవులలో, వాటి చుట్టుపక్కల తీరాలలో. రేవు లోపలి వైపున ఉన్న వైపర్ ద్వీపంలో గొలుసులు వేసిన ఖైదీల జైలు, గుట్ట మీద ఉరికొయ్య ఉండేవి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రిదీని మార్చిలో ఉరి తీసినది వైపర్‌లోనే. పేరులో పాము ఉన్నా ఈ దీవికి పాములతో సంబంధం లేదు. బ్లెయిర్ వచ్చిన ఓడ పేరు వైపర్.

అదే కాలంలో రాస్ పాలకుల నివాసమైంది. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, ముద్రణాలయం, టెన్నిస్ కోర్టు, ఈత కొలను, వీటన్నిటితో పాటు నీటిని శుద్ధి చేసే ప్లాంటు కూడా అక్కడ వెలిశాయి. ఇంత చిన్న నేల మీద అంత హంగు నిలవడానికి ఆహారం, సామగ్రి, మనుషుల చాకిరీ అన్నీ బయటి నుంచి రావలసిందే. 1941 జూన్ 26 నాటి భూకంపం ఆ వైభవాన్ని దెబ్బతీసింది. పాలన నగరంలోకి తరలిపోయింది. మరుసటి ఏడాది మార్చిలో జపాన్ దళాలు వచ్చాయి. వారి బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1979 నుంచి ద్వీపం నౌకాదళం ఆధీనంలో ఉంది. పర్యాటకులు ఇప్పుడు ఫోటోలు తీసుకునేది ప్రధానంగా శిథిలాలను పెనవేసుకున్న మర్రి జాతి చెట్ల వేళ్లనే. అంటే ఎనభై ఏళ్లుగా ఎవరూ నివాసం ఉండకపోవడం వల్ల ఏర్పడిన దృశ్యమే నేడు ఆ దీవికి ఆకర్షణ.

వంతెన వేసుకున్న దీవి

చాథం కథ వేరు. నీరు లేదని వదిలేసిన దీవి తరువాత కలప కేంద్రమైంది. 1883లో నెలకొల్పిన అక్కడి రంపపు మిల్లు ఆసియాలోనే అతి పాతవాటిలో ఒకటి. అటవీ శాఖ చేతిలో నేటికీ నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వేసిన బాంబు గుంతను మిల్లు ఆవరణలోనే భద్రపరిచారు. పడౌక్ వంటి కలపకు పేరొందిన ఈ మిల్లుకు ఒకప్పుడు దుంగలు కొదవ లేకుండా వచ్చేవి. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక దరిమిలా 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు దీవుల్లో కలప నరికివేతను బాగా కట్టడి చేశాయి. అయినా చాథం వెలవెలబోలేదు. నగరంతో కలిపే చిన్న వంతెన ఉంది. అటు బాంబూ ఫ్లాట్‌కు వాహనాలను, మనుషులను చేరవేసే ఫెర్రీ ఉంది. మిల్లు, మ్యూజియం, జెట్టీ కలిసి రోజువారీ జీవనంలో భాగమయ్యాయి. చుట్టుపక్కల దీవులలో చాథం ఒక్కటే నగరవాసికి పని కల్పించే దీవిగా మిగిలింది. మిగతావి టికెట్టు కొని చూసి వచ్చేవిగా మారాయి.

ఆ టికెట్ల వ్యాపారం మీద బతికే కుటుంబాలు గణనీయమే. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారులు వీరిలో ఉన్నారు. పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి విశాఖ నుంచి వచ్చే నౌక వారికి పుట్టింటితో బంధం. చేపల వేట తగ్గిన రోజుల్లో పర్యాటకం వైపు చూడటం సహజం. కనుక పర్యాటకుల సంఖ్యకు పరిమితి అన్న మాట ఎత్తినప్పుడు, ఆ పరిమితి ఎవరి పొయ్యి మీద పడుతుందో కూడా లెక్కలోకి రావాలి.

పరిమితి లేకపోతే ఏమవుతుందో ఈ రేవుకు తెలియనిది కాదు. 2014 జనవరి 26 సాయంత్రం శ్రీవిజయపురం సమీప జలాల్లో ఆక్వా మెరైన్ అనే పర్యాటక పడవ మునిగి 20 మందికి పైగా మరణించారు. మృతుల్లో ఎక్కువమంది తమిళనాడు నుంచి విహారానికి వచ్చినవారు. పడవలో సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించారన్నది అప్పట్లో ప్రధానంగా వినిపించిన ఆరోపణ. రాస్, నార్త్ బే వంటి చోట్లకు ఒకే రోజులో తిప్పి తీసుకువచ్చే పద్ధతిలో పడవ ఆలస్యమైతే తరువాతి జెట్టీలో జనం పేరుకుపోతారు. సాయంత్రానికి అందరినీ ఒడ్డు చేర్చాలన్న తొందర మొదలవుతుంది. ప్రమాదానికి బీజం సాధారణంగా ఆ తొందరలోనే ఉంటుంది. మాట వచ్చింది గనుక, ప్రకటనల్లో ‘నార్త్ బే ఐలాండ్’ అని కనిపించేది నిజానికి దీవి కాదు. దక్షిణ అండమాన్ తీరంలోని ఒక మలుపు. పాత ఇరవై రూపాయల నోటు వెనుక కనిపించే దీపస్తంభం అక్కడిదే. 2019లో వచ్చిన కొత్త నోటు మీద ఆ చోటును ఎల్లోరా ఆక్రమించింది.

వండూర్ నేర్పిన పద్ధతి

నగరానికి నైరుతిన వండూర్ తీరంలో మరో నమూనా ఉంది. 1983లో ఏర్పాటు చేసిన మహాత్మాగాంధీ సాగర జాతీయ ఉద్యానం సుమారు 281 చదరపు కిలోమీటర్లు. అందులో పదిహేను దాకా దీవులు ఉన్నా సందర్శకులకు తెరిచేవి జాలీ బాయ్, రెడ్ స్కిన్ మాత్రమే. అవి కూడా ఒకదాని తరువాత ఒకటి. వర్షాకాలంలో జాలీ బాయ్ మూసి రెడ్ స్కిన్‌కు అనుమతిస్తారు. వానలు వెనకపట్టాక మళ్లీ జాలీ బాయ్ తెరుస్తారు. అటవీ శాఖ అనుమతి పత్రం లేనిదే పడవ ఎక్కనివ్వరు. ప్లాస్టిక్ సీసాలు, సంచులు ఒడ్డునే వదలాలి. రాత్రి బస లేదు, దుకాణాలు లేవు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడపు దిబ్బలు పెద్ద ఎత్తున పాలిపోయాయి. అలాంటి ఉత్పాతాన్ని ఏ అనుమతి పత్రమూ ఆపలేదు. కానీ దెబ్బతిన్న దిబ్బ మీద మనుషుల కాళ్లు పడకుండా కొన్ని నెలలు వదిలేయడం మన చేతిలో పని. అది ఇక్కడ జరుగుతోంది.

రాస్‌లో ఆ విరామం లేదు. పైగా అక్కడ సందర్శకులకు చేరువగా తిరిగే చుక్కల జింకలు అండమాన్‌కు సహజమైనవి కావు. బ్రిటిష్‌వారు తెచ్చి వదిలారు. వాటిని వేటాడే మృగం ఈ దీవుల్లో లేదు. లేత మొక్కలను అవి మేసేయడంతో పాత చెట్టు పడిన చోట కొత్తది లేవదు. ఫోటోకు ముచ్చటగా ఉండే ఈ జంతువు అడవికి మోయలేని భారం. స్మారకం పనులు ముందుకు సాగితే దీనిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

రాస్‌కు మరో పాత్ర ఉంది, అది కంటికి కనిపించదు. రేవు ముఖద్వారంలో అడ్డుగా నిలిచి అలల తాకిడిని తగ్గిస్తుంది. కాకినాడ రేవుకు హోప్ ఐలాండ్ చేసే ఉపకారం తెలుగువారికి తెలుసు; గోదావరి ఒండ్రుతో ఏర్పడిన ఆ ఇసుక దీవి తుపాను వేళ నగరానికి కవచం. 2004 డిసెంబరు సునామీలో రాస్ వల్లే నగరానికి ముప్పు తగ్గిందని శ్రీవిజయపురంలో చాలామంది చెబుతారు. అదే భూకంపం దక్షిణ అండమాన్ నేలను దాదాపు ఒక మీటరు కుంగదీసింది. సిప్పీఘాట్ వరి పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. కుంగే స్వభావం ఉన్న నేల మీద, ఒడ్డు కోసుకుపోయే చిన్న దీవిలో కాంక్రీటు బరువు పెంచడం ఇంజినీర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలసిన విషయం.

స్మారకం కూడదని వాదించడం కష్టం. 1943 డిసెంబరు 30న నేతాజీ జెండా ఎగురవేసినది నగరంలోని జింఖానా మైదానంలో. ఆ ఘట్టానికి దేశం గుర్తు నిలుపుకోవాలనుకోవడం సమంజసం. అయితే ఇక్కడ దాస్తున్న జ్ఞాపకం ఒక్కటి కాదు. పేర్లు తెలియని వందలాది ఖైదీలు కట్టిన గోడలే ఈ దీవిలోని శిథిలాలు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ ఎదుట ఉన్న రాబెన్ ద్వీపం 1999లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ ఒకప్పటి రాజకీయ ఖైదీలే సందర్శకులకు జైలు చూపించారు. కొత్త కట్టడాల కన్నా ఉన్నవాటిని కాపాడటానికే పెద్దపీట వేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని అల్కట్రాజ్‌లో జైలు 1963లో మూతపడింది. తాగునీటిని పడవల మీద తెచ్చుకోవలసి రావడం, నిర్వహణ ఖర్చు పెరగడం అందుకు కారణాలు. చాథంలో వాకర్‌కు ఎదురైన చిక్కే అక్కడ శతాబ్దం తరువాత ఎదురైంది.

శ్రీవిజయపురానికి నీరు ప్రధానంగా ధనిఖారి జలాశయం నుంచి వస్తుంది. ఎండాకాలంలో నగరవాసులే సర్దుకోవలసిన పరిస్థితి. 2019 ద్వీప తీర నియంత్రణ నోటిఫికేషన్ తీరం నుంచి ఎంత దూరంలో ఏమి కట్టవచ్చో చెబుతుంది. దీవిలో రోజుకు ఎందరు దిగవచ్చు, వారి చెత్త, మురుగు ఎటు పోవాలి, నీరు ఎక్కడి నుంచి రావాలి అన్నవి స్థానిక యంత్రాంగం, నౌకాదళం, అటవీ శాఖ కూర్చుని తేల్చవలసినవి. పడవల యజమానులు, మత్స్యకార సంఘాలు ఆ సమావేశానికి వెలుపల ఉండకూడదు. జాలీ బాయ్ మూసిన నెలల్లో సందర్శకులను రెడ్ స్కిన్‌కు మళ్లించవచ్చు. రాస్‌కు వచ్చేవారిని మళ్లించదగిన దీవి రేవులో వైపర్ ఒక్కటే. దాని జెట్టీ, బాటలు, ఉరికొయ్య ఉన్న కట్టడం బాగుచేసే పని స్మారకం కన్నా ముందే మొదలు కావలసినది.