బొమ్మ అల్లితే తప్పా?

మొన్న రెండు వారాంతాలు ల్యాప్‌టాప్ మూసేసి, ఊలు ఉండా సూదులూ పట్టుకుని ఓ తెల్ల బొమ్మ అల్లాను. 'డాక్టర్ హూ' సీరియల్లో మనుషుల కొవ్వులోంచి పుట్టుకొచ్చే బుజ్జి జీవి, అడిపోస్. ఒక కాలు పొట్టి, రెండోది పొడుగు వచ్చింది. అయినా మా టీంలో అందరూ ముద్దు చేశారు :)

ఈ గుప్పెడు బొమ్మ మీద 2008లో పెద్ద గొడవే అయింది. ఒక అభిమాని ఇలాంటివి ఎలా అల్లాలో రాసి ఊరికే పంచిపెడితే, తీసెయ్యమంది బీబీసీ. ఎవరో ఆ ప్యాటర్న్‌తో అల్లిన బొమ్మలు ఈబేలో అమ్మకానికి పెట్టారట.

అల్లిక ప్యాటర్న్ అంటే అచ్చంగా కోడే. ఎన్ని కుట్లు వెయ్యాలి, ఏ వరసలో పెంచాలి, ఎక్కడ తగ్గించాలి... లూపులు కూడా ఉంటాయి. ఆరో వరసలో చేసిన తప్పు ఇరవయ్యో వరసలో బయటపడుతుంది. డీబగ్గింగ్ అంటే మొత్తం విప్పుకోవడమే!

పాత్ర మీద హక్కు బీబీసీదే, కాదనను. ఉచితంగా పంచినంత మాత్రాన ఆ హక్కు ఎక్కడికీ పోదు. కానీ పొద్దున లేస్తే ఓపెన్ సోర్స్ మీద బతికే మనకి ఈ పట్టింపు కాస్త చేదుగానే ఉంటుంది. "నీ కోడ్ ఇంకోడు అమ్ముకుంటే ఊరుకుంటావా?" అన్నాడు మా పక్క సీటు మిత్రుడు. ఊరుకోను. అమ్ముకున్నవాడితో పోట్లాడతాను, దాన్ని చూసి ముచ్చటపడి నలుగురికీ నేర్పినవాడితో కాదు.

అన్నట్టు, మా అక్క కూతురు ఇప్పుడు ఛోటా భీమ్ కావాలంటోంది. ప్యాటర్న్ దొరక్కపోతే నేనే రాస్తా. అడిగినవాళ్ళకి ఇస్తా కూడా.