డబ్బు లేకపోయినా మీరు హ్యాపీ అంట!

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మొన్న హాస్టల్లో ఒక ఫ్రెండ్ అన్నాడు, "మీ ఏజెన్సీ వాళ్లదే సుఖం రా. డబ్బు లేకపోయినా హాయిగా థింసా ఆడుకుంటారు, ఏ టెన్షనూ ఉండదు" అని. వాడు అరకు వచ్చింది ఒక్కసారే. డిసెంబర్లో, రెండు రోజులు, మంచు చూడ్డానికి. నేను నవ్వి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వాడు చూడని నెలలు వేరే ఉన్నాయి. మా పాడేరు వైపు కాఫీ పండ్లు కోతకొచ్చేది నవంబర్ నుంచి. ఆ డబ్బు చేతికొచ్చేసరికి ఏడాది మారిపోతుంది. మరి జ్వరాలొచ్చేది వానాకాలంలో కదా! అమ్మకి మలేరియా వచ్చిన ఏడు అయ్య షావుకారు దగ్గర అడ్వాన్సు తెచ్చాడు, ఇంకా పచ్చికాయ మీదున్న పంటకి. ధర షావుకారే చెప్పాడు. ఆ ఏడు కాపు బాగానే కాసింది, మాకే ఏం మిగల్లేదు. కోతలయ్యేదాకా అయ్య ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అంతకుముందు సంతనుంచి వస్తే మాకు ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు.

పేదోళ్లకి తెలివి లేకే అప్పుల్లో పడతారంటారు కొందరు. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడు చెరకు రైతులకి కోతకి ముందు, కోత తర్వాత బుర్రకి పదునుపెట్టే పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే. చేతిలో డబ్బులేనప్పుడు వెనకబడ్డారు, డబ్బొచ్చాక బాగా చేశారు. అది చదువుతుంటే అయ్యే కళ్లముందు మెదిలాడు.

ఇంకొకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది, అమెరికాలో ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగదని. డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ 2010లో రాసిందది. అదే కానమన్ 2023లో ఇంకొందరితో కలిసి మళ్లీ లెక్కచూసి, చాలామందికి ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉందని ఒప్పుకున్నాడు. ఇది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. అయినా ఆ పైగీత గొడవ మనకెందుకు, మనమింకా కిందే ఉన్నాం!

అలాగని డబ్బుతో అంతా వచ్చేస్తుందని నేననను. మా బావ హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండేళ్లుగా ఇటికల పండగకి సెలవు దొరకలేదు. ఫోన్ చేసి డప్పుల చప్పుడు వినిపించమంటాడు. "సంతోషం తగ్గిందా బావా?" అని అడిగాను. "తగ్గింది రా. కానీ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఇప్పుడు భయం లేదు" అన్నాడు. పోనీ వచ్చెయ్యమంటే రానన్నాడు.

నాకనిపించేది ఒకటే. మనకి ఎంతొచ్చిందన్నది సగం లెక్కే. ఏ నెలలో వచ్చింది, ఎవరి చేతిమీదుగా వచ్చింది అన్నది మిగతా సగం. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టింది కూడా దళారుల చేతినుంచి మన పంటని తప్పించడానికే.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మీవాళ్లని అడగండి, ఈ ఏడు పంటమీద ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఏ ధరకి ఒప్పుకున్నారు అని. నేనూ అయ్యని అడుగుతాను. ఆ ఫ్రెండ్‌ని మాత్రం వచ్చే ఆగస్టులో మా ఊరు రమ్మన్నాను. ఇంకా ఏ మాటా చెప్పలేదు.