రేపటి యంత్రాలు – మన ప్రశ్నలు

మాట్లాడితే రాసిపెట్టే యంత్రాలు, ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే కెమెరాలు, డ్రైవరు లేకుండా నడిచే కార్లు – ఒకప్పుడు వింతలుగా విన్నవన్నీ నేడు మామూలు వార్తలయ్యాయి. రానున్న ఇరవై ఏళ్లలో నిత్యజీవితాన్ని మార్చివేసే సాధనాలు ఇంకెన్ని వస్తాయోనని పత్రికలు, టీవీలు రోజూ చర్చిస్తున్నాయి. ఆ చర్చలో మన మొహల్లాలు మాత్రం ప్రేక్షకులుగానే మిగిలాయి. యంత్రాన్ని ఎవరో కనిపెడతారు, ఎవరో అమ్ముతారు, మనం కొనుక్కుంటాం, లేదా దాని ముందు వరుసలో నిలబడతాం అన్న భావన మనలో స్థిరపడిపోయింది. ఈ భావన మారవలసిన అగత్యం ఉందని మేము భావిస్తున్నాం.

భవిష్యత్తు యంత్రాలను ఊహిస్తూ మన దేశంలో వెలువడిన తొలినాటి రచనలలో ఒకటి ఒక ముస్లిం మహిళ రాసినదే. బెంగాల్‌లోని రంగపూర్ ప్రాంతంలో 1880లో జన్మించిన బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ బడికి వెళ్లి చదువుకున్నవారు కారు. అక్క వద్ద బెంగాలీ, అన్న వద్ద ఇంగ్లీషు ఇంటిలోనే నేర్చుకున్నారు. ఆమె ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ 1905లో మద్రాసు నుండి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. ఆ కథలో స్త్రీలు పాలించే ఒక దేశం ఉంది. అక్కడి మహిళా విశ్వవిద్యాలయాలలో ఒకటి మేఘాల నుండి నేరుగా నీటిని గ్రహించే బెలూనును తయారుచేస్తుంది. మరొకటి సూర్యుని వేడిమిని పోగుచేసే సాధనాన్ని కనిపెడుతుంది. పొలాలను విద్యుత్తుతో దున్నుతారు. ప్రయాణానికి గాలిలో ఎగిరే బండ్లుంటాయి. వంటగదిలో బొగ్గు ఉండదు, పొగ ఉండదు. ఎండ వేడిమితోనే వంట.

సూర్యరశ్మితో వంట చేయవచ్చునని అప్పటికే ఐరోపాలో కొందరు శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి చూపారు. రొకేయా గొప్పతనం ఆ వేడిమిని ఎక్కడికి తీసుకురావాలో తెలిసి ఉండడం. పొగకు కళ్లు మండిన వారికే పొగలేని పొయ్యి మొదటి అవసరంగా తోస్తుంది. పేదల వంటగదుల నుండి పొగను తొలగించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం ‘ఉజ్వల’ పథకాన్ని ప్రారంభించింది 2016లో. అంటే ఆ కథ అచ్చయిన 111 ఏళ్ల తరువాత. ఈ ఆలస్యానికి కారణం శాస్త్రం లేకపోవడం కాదు, పొయ్యి ముందు కూర్చున్న వారి గొంతు వినిపించవలసిన చోట వినిపించకపోవడం.

ఆమె కల కని ఊరుకోలేదు. భర్త మరణానంతరం భాగల్పూర్‌లో బాలికల పాఠశాలను నెలకొల్పారు. దానిని 1911లో కలకత్తాలో ఎనిమిది మంది విద్యార్థినులతో తిరిగి ప్రారంభించారు. ఆడపిల్లలను చదువుకు పంపమని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. యంత్రాన్ని ఊహించిన చేతులే బడిని కూడా కట్టాయి. ఈ రెండింటికీ గల సంబంధాన్ని మనం మరువరాదు.

ప్రతి యంత్రమూ ఎవరో ఒకరి ప్రశ్నకు జవాబు. ప్రశ్న ఎవరిదో జవాబు వారికి అనుకూలంగా ఉంటుంది. మనం అడగని ప్రశ్నకు తయారైన యంత్రం మన గడపకు వస్తే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. రాష్ట్రం ఏర్పడిన తరువాత కొన్నేళ్లలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. వేర్వేరు శాఖల సమాచారాన్ని ఒకచోట కలిపి, ఎవరికి కారు ఉంది, ఎవరికి ఆస్తి ఉంది అని కంప్యూటర్ తేల్చిన లెక్కలపై ఆధారపడడం వివాదమైంది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన కార్డులపై క్షేత్రస్థాయి పరిశీలన జరపాలని ఆదేశించింది. హైదరాబాదులో రిక్షా తొక్కి బతికిన ఒక వ్యక్తిని, పేరు దగ్గరగా ఉన్న మరొక కారు యజమానిగా లెక్కించి ఆ కుటుంబానికి రేషన్ నిరాకరించిన ఉదంతం పత్రికలకెక్కింది.

ఇక్కడ మన పేర్ల సంగతి ఆలోచించాలి. సయ్యద్, షేక్, మహమ్మద్, ఖాన్, బేగం, బీ – ఈ మాటలు లక్షల పేర్లలో ఉంటాయి. ఒకే ఇల్లాలు ఆధార్ కార్డులో ‘షేక్ ఖాజాబీ’ అయి, బ్యాంకు పుస్తకంలో ‘ఎస్.కె. ఖాజాబీ’ అయి, ఇంటి పత్రంలో ‘ఖాజా బేగం’ కావచ్చు. యంత్రం ఈ ఒక్కరినీ ముగ్గురిగా చూడగలదు. ఒకే పేరున్న ముగ్గురిని ఒక్కరిగానూ చూడగలదు. యంత్రానికి మనపై ద్వేషం ఉండనక్కరలేదు. దానిని రూపొందించే గదిలో మన పేర్ల తీరు తెలిసినవారు లేకపోతే చాలు, ఇంట్లో బియ్యం నిండుకుంటాయి.

కాగితపు ఫైళ్ల కాలంలోనూ పేదవాడు కార్యాలయాల చుట్టూ తిరిగాడు. ఆ కాలాన్ని పొగడవలసిన పనిలేదు. అయితే ఆనాటి తిరస్కరణ కింద ఒక సంతకం, ఒక హోదా, ఒక తేదీ ఉండేవి. ఆ కాగితం పట్టుకుని పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుండేది. తెరపై కనిపించే ‘అనర్హులు’ అన్న మాటకు సంతకం లేదు. ఎందుకని అడిగితే, కంప్యూటర్‌లో అలా వచ్చిందన్నదే జవాబు. సంతకం లేని ఈ తిరస్కరణే రాబోయే కాలంలో పేదల హక్కులకు పెద్ద ప్రమాదమని మేము భావిస్తున్నాం.

అందుచేత యంత్రాలనే వద్దందామా? అది వివేకం కాదు. నమాజులో లౌడ్‌స్పీకరు వాడవచ్చునా లేదా అని ఒకప్పుడు మన ఉలమాల మధ్య తీవ్రమైన చర్చ జరిగింది. నేడు మైకు లేని మసీదు అరుదు. అలాగే, 1206లో అల్ జజరీ అద్భుత యంత్రాలను వర్ణిస్తూ గ్రంథం రాశాడనీ, వుజూకు నీరు పోసే యంత్రాన్ని కూడా రూపొందించాడనీ సభలలో చెప్పుకుని సంతోషించడమూ సరిపోదు. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఘనత నేటి రేషన్ దుకాణంలో పనికిరాదు. రేపటి యంత్రం మన కోసం ఏమి చేయాలో మనమే చెప్పాలి. ఉదాహరణకు మూడు కలలను పాఠకుల ముందుంచుతున్నాం.

మొదటిది, ఆసుపత్రిలో డాక్టరు బల్లపై ఒక చిన్న సాధనం. దఖ్ఖనీ తప్ప మరో భాష రాని నానీమా తన నొప్పిని తన మాటల్లో చెబితే, అది డాక్టరుకు తెలుగులో వినిపించాలి. డాక్టరు చెప్పిన మందుల వివరం ఆమెకు దఖ్ఖనీలో వినిపించాలి. భారతీయ భాషల మధ్య అనువాదం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. కానీ ఇటువంటి యంత్రాలు తమకు వినిపించిన గొంతుల నుండే నేర్చుకుంటాయి. పుస్తకాల ఉర్దూ మాత్రమే విన్న యంత్రానికి ‘హౌ’ అంటే అవుననీ, ‘నక్కో’ అంటే వద్దనీ ఎలా తెలుస్తుంది? మన ఇళ్లలోని పెద్దల గొంతులు, వారి అనుమతితో, ఆ పనికి చేరాలి.

రెండవది, అనుమానం వస్తే ఆగిపోయే యంత్రం. రెండు పేర్లు ఒకరివేనా కాదా అన్న సందేహం కలిగితే అది తానే తీర్పు చెప్పకూడదు. ఈ ఇంటికి ఒక మనిషి వెళ్లి చూడాలి అని చెప్పాలి. విచారణ పూర్తయ్యేవరకు రేషన్, పింఛను ఆగకూడదు. అటువంటి యంత్రాన్ని తయారుచేయడం కష్టం కాదు. అటువంటిదే కావాలని అడగడమే మిగిలింది.

మూడవది, వక్ఫ్ భూములకు కాపలా. ఉపగ్రహం తీసిన ఈ నెల చిత్రాన్ని గత నెల చిత్రంతో పోల్చి, ఖబరస్తాన్ స్థలంలో కొత్తగా పునాది లేస్తే ముతవల్లీకి, వక్ఫ్ బోర్డుకు, మసీదు కమిటీకి ఒకేసారి సమాచారం పంపే ఏర్పాటు ఉండాలి. ఉపగ్రహ చిత్రాలు ఇస్రో వారి ‘భువన్’ ద్వారా 2009 నుండి ప్రజలకు కనిపిస్తూనే ఉన్నాయి. లోటు ఆకాశంలో లేదు. హద్దుల వివరాలు సర్వే నంబర్లతో సహా సక్రమంగా నమోదు కాకపోవడంలో ఉంది.

ఈ కలలు ఫలించాలంటే మూడు పనులు ముఖ్యం. పదవ తరగతితో ఆడపిల్లల చదువు ఆపే అలవాటు పోవాలి. గణితం, విజ్ఞానశాస్త్రం, కంప్యూటర్ చదువులలో వారికి మగపిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలి. మన యువకులు, యువతులు ఎందరో ఇంజనీరింగ్ చదువుతున్నారు. చివరి సంవత్సరంలో వారు ఒక ప్రాజెక్టు చేయవలసి ఉంటుంది. అది ఎక్కడో కొనితెచ్చిన ప్రాజెక్టు కాకుండా, మొహల్లా అడిగిన ప్రశ్నకు జవాబు ఎందుకు కాకూడదు?

రెండవ పని చట్టాన్ని వాడుకోవడం. తమ నిర్ణయం వల్ల ప్రభావితులైన వారికి కారణాలు తెలియజేయవలసిన బాధ్యతను సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రభుత్వ కార్యాలయాలపై ఉంచింది. నిర్ణయాన్ని కంప్యూటర్ సూచించినంత మాత్రాన ఆ బాధ్యత తొలగిపోదు. కార్డు గానీ పింఛను గానీ ఆగితే, కారణం కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. రసీదు తీసుకోవాలి. 30 రోజులలో సమాధానం రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. పోలీసుల ముఖ గుర్తింపు కెమెరాలను సవాలు చేస్తూ హైదరాబాదుకు చెందిన ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టును ఆశ్రయించడం మనందరికీ మార్గదర్శకం. అడిగితేనే హక్కు బతుకుతుంది.

మూడవ పని ప్రతి ఇంటా నేడే మొదలుపెట్టదగినది. రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందిని ఒక యంత్రం తీర్చాలని కోరుకుంటున్నారో ఇంట్లోని స్త్రీలను, వృద్ధులను, వికలాంగులను అడిగి రాయండి. బీడీలు చుట్టే చేతులు, కుట్టుమిషను తొక్కే కాళ్లు, గల్ఫ్ నుండి వచ్చే ఫోను కోసం ఎదురుచూసే చెవులు ఏమి కోరుతున్నాయో తెలుసుకోండి. జుమా తరువాత మసీదు కమిటీలో, మహిళల ఇజ్తెమాలలో చర్చించండి. మాకు రాసి పంపండి. వాటిని ఈ పత్రికలో ప్రచురించి, ఇంజనీరింగ్ కళాశాలలకు, సంబంధిత ప్రభుత్వ శాఖలకు చేర్చే బాధ్యత మేము తీసుకుంటాం, ఇన్షా అల్లాహ్.